అరచేతంత వెలుతురులో ఉల్లిపొర

మొన్న రేషను షాపు మెట్ల దగ్గర కాలు జారి మోకాలు గీరుకుపోయింది. ఆసుపత్రిలో చిన్న వయసు నర్సమ్మ ఒకతె దూదిని గోధుమరంగు మందులో ముంచి అద్దింది. "మండుతాందా అవ్వా?" అని అడిగింది. మండుతూనే ఉంది. కానీ ఆ మందు వాసన ముక్కుకు తగిలేసరికి నా మనసు మోకాలి దగ్గర లేదు. "ఏంది అవ్వా, మండుతాంటే నవ్వుతాండావు?" అంది ఆ పిల్ల. అయోడిన్ వాసన వస్తే అందరికీ దెబ్బలు గుర్తుకొస్తాయి కాబోలు. నాకు ఉల్లిపొర గుర్తుకొస్తుంది. గాజుపలక మీద పరిచిన పొర, దాని మీద ఒక్క చుక్క మందు, దాని మీదికి వంగిన వసుంధర మేడమ్ తల, పాపిట దగ్గర నెరిసిన నాలుగు వెంట్రుకలు.

నేను మూడో తరగతి దాకా చదివాను. రాయడం నాకు ఎప్పుడూ నిదానమే. రాసుకోలేని మనిషి గుర్తు పెట్టుకోవాలి కదా, అందుకని నాకు మాటలు బాగా గుర్తుంటాయి. ఎవరు ఏ మాట అన్నారో, అన్నప్పుడు చేతిలో ఏముందో కూడా చెప్పగలను. మాది రాయచోటి దగ్గర చిన్న పల్లె. మా ఆయన చనిపోయాక, తొమ్మిదేళ్ళ కూతురు సుజాతను మా అమ్మ దగ్గర వదిలి ఇంటిపనికి విమానం ఎక్కాను. నేను పోయింది కతార్‌కు. మా వైపు ఏ దేశం పోయినా కువైట్ అనే అంటారు కాబట్టి, రెడ్డెమ్మ కువైట్‌కు పోయిందనే ఊరంతా చెప్పుకున్నారు. పోయే రోజు సుజాత బడికి వెళ్ళి ఉంది. ఏడుస్తుందని చెప్పకుండా బయలుదేరాను. ఆ తప్పు నాదే. దాని ఫలితం నాకు ఏళ్ళ తరబడి వినిపించింది.

వినిపించింది అని ఎందుకంటున్నానంటే, అప్పట్లో మాకు ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ. ఫోను చేస్తే నిమిషానికి ఎంత ఖర్చవుతుందోనని భయం. అందుకని టేపురికార్డరులో మాట్లాడి, సెలవు మీద ఊరికి పోయేవాళ్ళ చేతికి క్యాసెట్టు ఇచ్చేవాళ్ళం. వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఇంటివాళ్ళ మాటలు నింపుకొని తెచ్చేవారు. మా ఊరి మస్తానన్న అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. టిక్కెట్టు డబ్బు మిగులుతుందని నేను సెలవుకు పోలేదు కాబట్టి, నా క్యాసెట్లన్నీ అతని చేతుల మీదుగానో అతను చూపిన మనుషుల చేతుల మీదుగానో నడిచాయి. వచ్చిన ప్రతి క్యాసెట్టులోనూ మా అమ్మ గొంతే. వానల గురించి, మేకల గురించి, పక్కింటి పెళ్ళి గురించి. చివర్లో, "ఏమే సుజాతా, మీ అమ్మతో మాట్లాడుదురా" అనేది. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. కోడి కూత, ఎక్కడో చెంబు చప్పుడు, దగ్గరగా ఒక చిన్న ఊపిరి. "అది మాట్లాడనంటాందిమే. రాయి మాదిరి కూచోనుంది" అని మా అమ్మ మళ్ళీ అందుకునేది. నేను ఆ ఊపిరి ఉన్నచోటికి టేపు వెనక్కి తిప్పి తిప్పి వినేదాన్ని.

నేను పనిచేసిన ఇల్లు అల్ మన్సూరాలో, మూడో అంతస్తు. సారు ఇంజనీరు. పని ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ వైపు. శనివారం తెల్లారేసరికి వెళ్ళి గురువారం మధ్యాహ్నానికి తిరిగొచ్చేవారు. ఆయన లేని రోజుల్లో ఇంట్లో మేడమ్, నేను. పిల్లలు లేరు. ఎండ లోపలికి రాకుండా కిటికీ అద్దాలన్నిటికీ వెండిరేకు కాగితం అంటించి ఉండేది. పగలో రాత్రో గడియారం చెప్పాలి. ఏసీ హోరు తప్ప వేరే చప్పుడు లేదు.

మేడమ్‌ది తెనాలి. అక్కడి జూనియర్ కాలేజీలో పన్నెండేళ్ళు బోటనీ చెప్పారట. సారు ఒంటరిగా ఉంటున్నారని ఉద్యోగం వదిలి వచ్చారు. వచ్చాక ఒక స్కూల్లో అడిగితే కబురు చేస్తామన్నారు. చేయలేదు. నేను చేరిన కొత్తలో ఒక సంగతి నాకు అర్థమయ్యేది కాదు. రోజూ ఎనిమిది గంటలకల్లా మేడమ్ తలస్నానం చేసి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలుచీర కట్టుకొని, చేతికి గడియారం పెట్టుకొని డైనింగు టేబులు దగ్గర కూర్చునేవారు. ఎవరో చుట్టాలు వస్తారనుకొని మొదటి రోజు నేను నాలుగు గ్లాసుల కాఫీ కలిపాను. ఎవరూ రాలేదు. ఒంటిగంటకు గడియారం తీసి టేబులు మీద పెట్టి, చీర మార్చుకొని పడుకున్నారు. మరునాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. కాలేజీ వేళలు అవి అని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

నేను పోయిన ఐదో ఏడు అనుకుంటాను, మా అమ్మ క్యాసెట్టులో ఏడుస్తూ మాట్లాడింది. "నీ కూతురు సైన్సులో తప్పిందే. ఎర్రగడ్డ పొర బొమ్మ గీయమంటే తెల్లకాయితం ఇచ్చొచ్చిందంట. ఎర్రగడ్డ గీయను కూడా రాకపాయనా దీనికి? పదిలో కూడా ఇట్లనే చేస్తే బడి మానిపిస్తా, చెప్తాండా." ఎప్పటిలాగే చివర ఊపిరి. ఆ రోజు ఆ ఊపిరి కాస్త వేగంగా ఉన్నట్టు తోచింది.

మా వైపు ఎర్రగడ్డలనే ఉల్లిపాయలను కోస్తూ కోస్తూ ఆగిపోయాను. "మేడమ్, ఎర్రగడ్డ లోపల ఏముంటుంది?" అని అడిగాను.

"రోజూ కోసేదానివి నువ్వు. నన్నడుగుతావేంటి?" అని మేడమ్ నవ్వారు.

నేను సుజాత సంగతి చెప్పాను. బడి సంగతి, తెల్లకాగితం సంగతి, ఐదేళ్ళుగా నాతో ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం. "అది నాతో మాట్లాడదు మ్మా. దాని పాఠం నాకొస్తే, ఆ పాఠం గురించి అయినా ఒక మాట అంటుందేమోనని" అన్నాను. మేడమ్ లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగారు. పాత చీరలో చుట్టిన చెక్కడబ్బా, అందులో మైక్రోస్కోపు. కరెంటుతో పనిచేసేది కాదు. అడుగున చిన్న అద్దం ఉంటుంది, ఎండను పట్టి పైకి పంపితేనే కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఎండ ఏది? మేడమ్ వంటగది తూర్పు కిటికీ దగ్గరకు వెళ్ళి, కూరగాయల కత్తితో వెండిరేకును అరచేయంత మేర గీకేశారు. సూది మాదిరి ఎండ లోపలికి దూకింది. ఇద్దరమూ కళ్ళు చికిలించుకున్నాం.

ఉల్లిపాయ లోపలి పొరను గోటితో లాగి, గాజుపలక మీద పరిచి, అయోడిన్ చుక్క వేశారు. నన్ను కంటిగొట్టం దగ్గరకు వంగమన్నారు.

"ఏం కనిపిస్తోంది?"

"నా రెప్ప వెంట్రుకలు కనపడ్తాండాయి మ్మా."

"అమ్మా తల్లీ, కన్ను కొంచెం పైకెత్తు. ఇప్పుడు?"

"ఇటుకలు!"

"ఇటుక అనేది పేరు. నేను పేరడగలేదు. ఎలా ఉందో చెప్పు."

"పొడుగ్గా ఉండాయి. ఒకదాన్నొకటి ఆనుకోని, సందు లేకుండా. ఒక్కోదాంట్లో ఒక చుక్క ఉంది."

"చుక్క ఎక్కడుంది? నట్టనడుమనా?"

మళ్ళీ చూశాను. "నడుమ లేదు. గోడకు ఆనుకోని ఒక పక్కన ఉంది."

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు. పనిమనిషిని ముట్టుకోవడం ఆవిడకు కొత్తేమీ కాదు, జ్వరమొస్తే నుదురు చూసేవారు. ఇది వేరుగా ఉంది. "పన్నెండేళ్ళు పాఠం చెప్పాను రెడ్డెమ్మా. అందరూ నట్టనడుమనే గీసేవారు, పుస్తకంలో అలా ఉందని. నువ్వు చూసింది చెప్పావు." అప్పుడు పేరు చెప్పారు. అది న్యూక్లియస్. ఆ ఇటుక సెల్. దాని గోడ సెల్ వాల్. ఆవిడ పద్ధతే అది. ముందు చూడాలి, చూసింది నోటితో చెప్పాలి, అన్నీ అయ్యాక చివర్లో పేరు. "పేరు ముందే చెప్పేస్తే కన్ను పని మానేస్తుంది" అనేవారు.

అప్పటినుంచి ఎనిమిదికీ ఒంటిగంటకీ మధ్య నాకు పాఠం. చారు తిరగమోత వేసి పరుగెత్తేదాన్ని. "క్లాసులోకి గరిటె తెస్తావేంటే?" అని కసిరేవారు. నా చెంప లోపల పుల్లతో గీకి ఆ కణాలు కూడా చూపించారు. "ఇదేనా మ్మా నేను? బియ్యం కడిగిన నీళ్ళ మాదిరున్నా" అంటే, మేడమ్ ఒకటే నవ్వు, సారు వచ్చిన రోజు కూడా ఆవిడ అంత నవ్వగా నేను చూడలేదు.

ఇరవై రోజులయ్యాక క్యాసెట్టులో పాఠం చెప్పాలనుకున్నాను. మస్తానన్న ఆ సాయంత్రమే ఊరికి పోతున్నాడు. పొద్దున మేడమ్ నన్ను చివరిసారి అడిగి చూస్తున్నారు. నేను తడబడుతున్నాను. "వాక్యూవోల్ ఏది? అది సైటోప్లాజం. మళ్ళీ చూడు. చూడకుండా చెబుతావేంటి, మొద్దూ?" అని బల్ల మీద వేలితో కొట్టారు. ఆ తర్వాత నేను గొంతు సవరించుకొని, సుజాతకు చెప్పినట్టు అంతా అప్పగించాను. అయిపోయాక చూసుకుంటే, రికార్డు మీట నేను ముందునుంచీ నొక్కే ఉంచాను. నా తప్పులు, మేడమ్ తిట్లు అన్నీ ఎక్కాయి. చెరిపి మళ్ళీ చెబుదామంటే మస్తానన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "యల్లా అక్కా, యల్లా! బండి కింద ఆపినా. ఇస్తే ఇయ్యి, లేకుంటే క్యాసెట్టు మాఫీ." అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. సిగ్గుతో చచ్చిపోతూ అలాగే ఇచ్చేశాను.

అతను తిరిగొచ్చేదాకా రెండు నెలలు. ఆ రెండు నెలలూ నేను పాఠం మానలేదు. ఎందుకో మేడమ్ కూడా మానలేదు. క్యాసెట్టు వచ్చిన పొద్దున ఇద్దరం టేబులు దగ్గర కూర్చొని విన్నాం. మా అమ్మ వానలు, మేకలు అయ్యాయి. "ఏమే, మాట్లాడుదురా" అయింది. కోడి కూసింది. ఊపిరి వినిపించింది. ఆ తర్వాత, నాకు తెలియని గొంతు. తొమ్మిదేళ్ళప్పటి గొంతు కాదు, బొంగురుగా, కోపంగా ఉంది.

"నువ్వు చెప్పినేటివి మా పుస్తకంలో యాడా లేవు. న్యూక్లియస్ అని లేదు, కేంద్రకం అని ఉంది. సెల్ అని లేదు, కణం. సెల్ వాల్ కాదు, కణకవచం. వాక్యూవోల్ కాదు, రిక్తిక. మాది తెలుగు మీడియం. తెలీకుంటే అడగాల." టక్కుమని మీట చప్పుడు.

ఐదేళ్ళకు నా కూతురు నాతో అన్న మొదటి మాటలు అవి. నేను కొంగు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను. మేడమ్ ముఖం ఎర్రబడింది. ఆవిడ చదివింది, చెప్పింది అంతా ఇంగ్లీషులోనే. పల్లెబడిలో తెలుగులో చదువుతారన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ లేచి, నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకున్నారు. "ఇంకోసారి వెయ్యి" అన్నారు. నాలుగుసార్లు వేశాను. ఒక్కో మాటా రాసుకుంటూ, "రిక్తిక" అని పైకి అనుకున్నారు. "ఇన్నేళ్ళు చెప్పాను. ఈ మాట నాకు తెలియదే! భలే పట్టేసింది నన్ను పిల్ల."

"మిమ్మల్ని కాదు మ్మా, నన్ను."

"ఇద్దర్నీ."

ఆ తర్వాతి క్యాసెట్టులో సుజాత ఒక ప్రశ్న పంపింది. అమ్మా అని లేదు, బాగున్నావా అని లేదు. "రిక్తిక అంటే ఖాళీ అని మా సారు చెప్పినాడు. ఖాళీ అయితే అంత పెద్దగా ఎందుకు గీయాల?" మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నన్ను ఇన్నాళ్ళలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు" అన్నారు. ఎర్ర ఉల్లిపాయ పైపొర తీసి పెట్టి నన్ను చూడమన్నారు. కణాల నిండా లేత వంగపండు రంగు నీళ్ళు. అంచున ఒక చుక్క ఉప్పునీళ్ళు వదిలారు.

"ఏం కనిపిస్తోంది?"

"రంగు నీళ్ళు తగ్గిపోతాండాయి. లోపలిదంతా గోడను విడిచిపెట్టి ముడుచుకుంటాంది. అయ్యో, గోడ మటుకు అట్లనే నిలబడింది మ్మా."

"నీళ్ళతో నిండి లోపలినుంచి తోస్తుంటేనే కణం బిగువుగా ఉంటుంది. ఖాళీ అనుకున్నదే నిలబెట్టేది." నేను, "మంచినీళ్ళు పోస్తే మళ్ళీ మామూలుగా అవుతుందా?" అని అడిగాను. "ఆలస్యం కాకుండా పోస్తే అవుతుంది" అన్నారు. నేను పరుగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. చుక్క చుక్కగా వేశాం. వంగపండు రంగు మెల్లగా గోడల దాకా పాకింది. ఆ రోజు మేడమ్ ఒంటిగంటకు గడియారం తీయడం మరచిపోయారు. సాయంత్రం టీ తాగుతున్నప్పుడు కూడా చేతికే ఉంది.

చూసింది చూసినట్టు క్యాసెట్టులో చెప్పాను. ఈసారి పేర్లన్నీ తెలుగులో. దానికి వచ్చిన జవాబు ఇది: "అమ్మా, మా బళ్ళో ఆ మిషను లేదు. నువ్వే చూసి చెప్పు." మొదటి రెండక్షరాల దగ్గర టేపు అరిగిపోయేదాకా విన్నాను. సుజాత పదో తరగతి పాసయింది. సైన్సులో ఎన్ని వచ్చాయని నా అంతట నేను అడగలేదు, మేడమ్ నా చేత అడిగించారు.

ఆ వేసవిలోనే సారు పని అయిపోయింది. రెండు వారాల్లో సామాను సర్దేశారు. నన్ను అల్ ముంతజాలో ఇంకో ఇంటికి కుదిర్చారు. తెనాలిలో మళ్ళీ ఉద్యోగం ఇస్తారా అని అడిగితే, "నా సీట్లో వేరేవాళ్ళు ఉంటారు కదే" అని, కప్పులకు పేపరు చుట్టసాగారు. ఆఖరి పొద్దున ఎనిమిదికి మామూలు వాయిల్ చీరలోనే ఉన్నారు. చేతికి గడియారం లేదు. "ఆ కిటికీకి రేకు అంటించెయ్యి రెడ్డెమ్మా. ఇల్లు ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాలి" అన్నారు. నేను ముక్క కత్తిరించి అంటించాను. వంటగది చీకటైంది. మేడమ్ ఖాళీ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి, అలవాటుగా, నవ్వుతూ, "ఏం కనిపిస్తోంది?" అన్నారు.

"ఏమీ కనపడలే మ్మా" అన్నాను.

తెనాలి అడ్రసు రాసిచ్చారు. సుజాత చేత రెండు ఉత్తరాలు రాయించి పంపాను. ఒకటి తిరిగొచ్చింది, ఇంకొకటి రాలేదు. తిరిగిరానిది అందిందేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో మూడేళ్ళకు నేను ఊరికి వచ్చేసరికి సుజాత నాకన్నా పొడుగు. నేను ఒక మంచం మీద, అది ఎదురుగా గడప మీద. క్యాసెట్టు లేకుండా మాట్లాడటం మా ఇద్దరికీ చేతకాలేదు. చివరికి నేనే అడిగాను. "ఆ పొద్దు ఎందుకు మాట్లాడినావు? పాఠంలో తప్పులుండాయనా?" అది తల అడ్డంగా ఊపింది. "పాఠం కాదుమా. ముందరుంది చూడు, ఆయమ్మ నిన్ను మొద్దూ అని తిట్టింది. నువ్వు తడబడినావు. నేను బళ్ళో తిట్లు తింటాంటే, నువ్వు ఆడ హాయిగా ఉండావనుకుంటి. నీకూ నా మాదిరే రాదని అప్పుడు తెలిసింది." సుజాత ఇంటరుతో చదువు ఆపి, ఇప్పుడు రాయచోటిలో బట్టలు కుడుతుంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను ఉల్లిపాయలు కోస్తుంటే, వచ్చి ఒక పొర లాగి కిటికీకేసి పట్టి చూస్తుంది.

నర్సమ్మ కట్టు కట్టి పంపేసింది. ఇంటికొచ్చాక కూడా వేలికి ఆ వాసన ఉంది. ఆ ఆఖరి పొద్దున నేను చెప్పింది అబద్ధం మేడమ్. చీకట్లో కూడా నాకు కనిపించింది. చూసింది చెప్పడం మీరే నేర్పారు కాబట్టి ఇప్పుడు చెబుతాను. వెండిరేకు కప్పిన ఇల్లు. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ. ఎనిమిది గంటలకల్లా గంజి చీర కట్టుకొని, చేతికి గడియారం పెట్టుకొని, ఎవరూ రాని తలుపు వైపు ముఖం పెట్టి ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన నేను కాఫీ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాను.

దాని పేరు మీరు నాకు చెప్పలేదు. నేనూ ఇంతవరకు అడగలేదు.